నీతి అడిగే ముందు కథ గొంతు వినాలి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లంతా కలిసి నెలకో పాత కథ చదువుకుంటున్నారని, కానీ చర్చ పది నిమిషాలకే అయిపోతోందని రాశారు. గురజాడ ‘దిద్దుబాటు’ చదివాక ఒకరు ‘పెళ్లయిన మగాడు రాత్రిళ్లు బయట తిరక్కూడదు, అదే నీతి’ అన్నారు. మొపాసా ‘నెక్లెస్’ చదివాక ఇంకొకరు ‘దురాశ దుఃఖానికి చేటు’ అన్నారు. ఆ తర్వాత ఎవరికీ మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు. టోన్ ఎలా పట్టుకోవాలి, శిల్పంలో (కథ అల్లిన తీరులో) ఏం చూడాలి, నీతి ఎలా తేల్చాలి అన్నవి మీ ప్రశ్నలు. ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి పరీక్షలో ‘కథలోని నీతిని వివరించండి’ అన్న ప్రశ్నకు ఏం రాయాలో కూడా అడిగారు.

మీవాళ్లు చెప్పిన నీతులు పూర్తిగా తప్పేమీ కాదు. వరస తిరగబడింది. పంచతంత్రంలో నీతి ముందే సిద్ధంగా ఉంటుంది, దానికి తగ్గట్టు నక్కనీ కాకినీ నిలబెడతారు. కాబట్టి అక్కడ నీతి ముందు అడిగినా నష్టం లేదు. గురజాడ, చెహోవ్, మొపాసా, ప్రేమ్‌చంద్ లాంటివాళ్ల కథల్లో రచయిత అభిప్రాయం ఏ ఒక్క వాక్యంలోనూ విడిగా కూర్చుని ఉండదు. కథ చెప్పే గొంతులో, సంగతులు అమర్చిన తీరులో కలిసిపోయి ఉంటుంది. గొంతు వినకుండా నీతికి వెళితే, ఏదో ఒక పాత్ర అన్న మాటనో, మనకు ముందే తెలిసిన సామెతనో కథకు అంటగట్టేస్తాం. అందుకే ముందు గొంతు, తర్వాత అమరిక, ఆఖర్న నీతి. ఈ వరస ఒక్కటి పాటిస్తే మీ చర్చ గంట దాటుతుంది.

ముందు టోన్ సంగతి. తెలుగులో కంఠస్వరం అంటారు. కథకుడికి తను చెబుతున్న మనుషుల మీద ఉన్న వైఖరి అది. చదివాక మనకు కలిగే దిగులు, నవ్వు, భయం వేరు. ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే సగం పొరపాట్లు మొదలవుతాయి. రష్యన్ రచయిత చెహోవ్ 1883లో రాసిన ‘గుమాస్తా మరణం’ తీసుకోండి. చెర్వ్యకోవ్ అనే చిన్న ఉద్యోగి నాటకం చూస్తూ తుమ్ముతాడు. ముందు వరసలో కూర్చున్న జనరల్ బట్టతల మీద తుంపర పడుతుంది. జనరల్ పట్టించుకోడు. ఇతను మాత్రం అక్కడే ఒకసారి, విరామంలో ఇంకోసారి, మర్నాడు ఆఫీసుకు వెళ్లి మళ్లీ, ఇలా క్షమాపణలు చెబుతూనే ఉంటాడు. చివరికి జనరల్‌కు ఒళ్లు మండి వెళ్లగొడతాడు. ఇతను ఇంటికి వచ్చి, ఉద్యోగం బట్టలు కూడా విప్పకుండా సోఫా మీద పడుకుని చచ్చిపోతాడు. జరిగింది చావు, చెప్పిన గొంతు మాత్రం హాస్యం. మొదటి వాక్యంలోనే ‘చక్కని సాయంత్రం’ అని, ఆ వెంటనే ‘అంతే చక్కని గుమాస్తా’ అంటాడు కథకుడు. ఒకే విశేషణాన్ని సాయంత్రానికీ మనిషికీ తగిలించడంతో ఈ మనిషిని అంత సీరియస్‌గా తీసుకోవడం లేదని తెలిసిపోతుంది. చావు కూడా ఒక్క మాటలో అయిపోతుంది. ఆ మాట దగ్గర మన నవ్వు ఆగిపోతుంది. మీ చర్చలో ఎవరైనా ‘ఇది విషాద కథ’ అంటే, ‘మీకు విషాదంగా ఉంది సరే, కథకుడు ఏ గొంతుతో చెప్పాడు?’ అని అడగండి. ఆ రెంటి మధ్య తేడాలోనే ఈ కథ బలం ఉంది.

తెలుగు కథల్లో కంఠస్వరం పట్టుకోవడానికి మనకు ఇంకో సాధనం ఉంది. మన క్రియ చివరి అక్షరమే వైఖరి చెబుతుంది. కథకుడు ఒక పాత్రను వాడు అంటున్నాడా, అతను అంటున్నాడా, ఆయన అంటున్నాడా? ఒకామెను ఆమె, ఆవిడ అంటూ ఇంకొకామెను అది అంటున్నాడా? వచ్చాడా, వచ్చారా? రెండోసారి చదివేటప్పుడు ప్రతి పాత్ర పేరు పక్కన ఈ సర్వనామం రాసుకోండి. కథ మధ్యలో అది మారితే, మారిన చోట గీత గీయండి. కథకుడి అభిప్రాయం అక్కడ కదిలిందన్నమాట. ఎవరికీ ‘గారు’ తగలకపోవడం, జమీందారుకూ పాలేరుకూ ఒకే ‘డు’ వాడటం కూడా రచయిత తెలిసి చేసిన పనే.

ఉదాహరణకు ఒకే సంగతి మూడు విధాలుగా రాస్తాను, మీవాళ్ల చేత గట్టిగా చదివించండి.

‘సుబ్బారాయుడు గారు మెజెస్టిక్‌లో బస్సు దిగారు. సంచీ గుండెలకు హత్తుకుని, దారి ఎవర్ని అడగాలా అని చుట్టూ చూశారు.’

‘సుబ్బారాయుడు మెజెస్టిక్‌లో బస్సు దిగాడు. సంచీ పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు.’

‘దిగాడండీ సుబ్బారాయుడు మెజెస్టిక్‌లో! ఊళ్లో దొంగలంతా తన సంచీ కోసమే కాపు కాశారన్నట్టు దాన్ని కరుచుకుని, కనబడ్డ ప్రతివాణ్ణీ ఎగాదిగా చూశాడు.’

మొదటి దాంట్లో కథకుడు ఆయన పక్కన నిలబడ్డాడు. ‘ఎవర్ని అడగాలా’ అన్న మాటతో ఆయన మనసులోకి కూడా తీసుకెళ్లాడు. రెండో దాంట్లో దూరంగా నిలబడి చూశాడు, ఏ అభిప్రాయమూ ఇవ్వలేదు. మూడో దాంట్లో మనతో కలిసి అతన్ని చూసి నవ్వుతున్నాడు, ‘అండీ’ అంటూ మనల్ని తన వైపు లాక్కున్నాడు. బస్సు, సంచీ, మనిషి మూడింట్లోనూ ఉన్నాయి. మారినవి మూడే: క్రియ, పోలిక, మనసులోకి వెళ్లడమా మానడమా. ఏ కథలోనైనా కంఠస్వరం గురించి మాట్లాడాలంటే ఈ మూడింట్లో దేన్నో ఒకదాన్ని వేలు పెట్టి చూపించాలి. చూపించకుండా ‘టోన్ బాధగా ఉంది’ అంటే అది అభిప్రాయం మాత్రమే.

కంఠస్వరానికి ఒక్క విశేషణం ఎప్పుడూ చాలదు. ‘వ్యంగ్యం’ అని ఊరుకోకుండా ‘వ్యంగ్యమే, కానీ ప్రేమతో’ అనో, ‘నిర్లిప్తంగా ఉంది, చివరి పేరాలో తప్ప’ అనో చెప్పేలా అలవాటు చేయండి. అమెరికన్ రచయిత ఓ హెన్రీ ‘గిఫ్ట్ ఆఫ్ ది మాజై’ (1905)లో ఒక పేద జంట ఒకరికొకరు బహుమతి కొనడానికి తమకున్న విలువైనవి అమ్ముకుంటారు. కథకుడు ఆ భార్యాభర్తలను తెలివితక్కువ పిల్లలని పిలిచి, ఆ వెంటనే బహుమతులు ఇచ్చేవాళ్లందరిలోకీ వాళ్లే తెలివైనవాళ్లని తీర్పు చెబుతాడు. మలుపు తిరిగిన ఆ చోటును పట్టుకోకపోతే ఆ కథ గురించి చెప్పేది ఏమీ ఉండదు.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకో చిక్కు. మీ గుంపులో అనంతపురం, చిత్తూరు, నెల్లూరు, కరీంనగర్ వాళ్లుంటారు. ఇక్కడే పుట్టి పెరిగి కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాళ్లూ ఉంటారు. చాసో కథో, రావిశాస్త్రి కథో తీసుకుంటే అందులో ఉత్తరాంధ్ర పలుకు ఉంటుంది. కళ్లతో చదివితే చాలామందికి అది ‘తప్పుల తెలుగు’గానో ‘కామెడీ’గానో వినిపిస్తుంది. సినిమాలు మనకు చేసిన అలవాటు అది. దాంతో నిర్లిప్తంగా రాసిన కథ హాస్యకథలా అనిపించి, కంఠస్వరం పూర్తిగా తలకిందులవుతుంది. దీనికి మందు ఒకటే: ఆ ప్రాంతం మనిషి చేత సంభాషణలు గట్టిగా చదివించండి. విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్లు మీ టవర్‌లో లేకపోతే పక్క టవర్‌లో ఉంటారు, ఆ ఒక్క నెలకు పిలవండి. చిత్తూరు యాసలో రాసిన నామిని కథలకు మీవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడినట్టే చదవగలరు. అలాంటిది ముందు పెట్టుకుంటే మాండలికం అంటే బెరుకు పోతుంది.

అనువాద కథలకు వేరే జాగ్రత్త కావాలి. మొపాసా ఫ్రెంచిలో రాశాడు. మన చేతికి వచ్చే తెలుగు ప్రతి ఇంగ్లీషు మీదుగా వచ్చినది కావచ్చు, కుదించినది కూడా కావచ్చు. అలాంటి ప్రతిలో ‘ఈ మాట ఎందుకు వాడాడు’ అని గంటసేపు వాదించడం వృథా, ఆ మాట అనువాదకుడిది కావచ్చు. కుదించని అనువాదంలో చెక్కుచెదరనివి వేరే ఉన్నాయి: సంఘటనల వరస, ఎవరి కళ్లతో చూస్తున్నాం, దేనికి ఎంత చోటిచ్చారు, అంకెలు, ముగింపు ఎక్కడ ఆగింది. వీటి మీద నిలబడి మాట్లాడండి. మాట మీదే మాట్లాడాలనుకుంటే రెండు ప్రతులు పోల్చుకోండి. కన్నడం చదవగలిగిన వాళ్లు మీలో ఉంటే మాస్తి వెంకటేశ అయ్యంగార్ కథ ఒకటి మూలంలో చదివి వినిపించమనండి. మూలానికీ అనువాదానికీ గొంతు ఎలా మారుతుందో ఆ పూటే తెలుస్తుంది.

ఇక శిల్పం. ఇక్కడ అందరూ చేసే పని అలంకారాల పట్టిక తయారు చేయడం. ఉపమ ఉంది, ప్రతీక ఉంది, వ్యంగ్యం ఉంది, కొసమెరుపు ఉంది. పట్టిక వల్ల ఏమీ తెలియదు. ప్రతి దానికీ ఒకటే పరీక్ష పెట్టండి: దీన్ని తీసేస్తే కథలో ఏం పడిపోతుంది? ఏమీ పడిపోకపోతే దాన్ని వదిలేయండి, అది అలంకరణ. ఏదో పడిపోతే, ఏం పడిపోయిందో రెండు వాక్యాల్లో రాయండి. ఆ రెండు వాక్యాలే విశ్లేషణ.

‘నెక్లెస్’ మీదే ఈ పరీక్ష పెడదాం. కథ మీకు గుర్తే: గుమాస్తా భార్య మాటిల్డా విందుకు వెళ్లడానికి స్నేహితురాలి దగ్గర నగ అరువు తెచ్చుకుంటుంది, పోగొడుతుంది, అప్పులు చేసి అలాంటిదే కొని ఇచ్చేస్తుంది, పదేళ్లు చాకిరీ చేసి అప్పు తీరుస్తుంది. చివర్లో ఆ నగ నకిలీదని తెలుస్తుంది. ‘కొసమెరుపు’ అని అందరూ అంటారు. ఆ మెరుపు హఠాత్తుగా వచ్చింది కాదు. నగ పెట్టె మీద పేరు చూసి వాళ్లు ఆ దుకాణానికి వెళితే, దుకాణదారు పుస్తకాలు వెతికి, ఆ నగ నేను అమ్మలేదు, పెట్టె మాత్రమే ఇచ్చానంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం మన కళ్లముందు నుంచే జారిపోతుంది. అంతకుముందు నగ అడగ్గానే స్నేహితురాలు ఏమాత్రం వెనకాడకుండా ఇచ్చేస్తుంది. తిరిగి ఇచ్చినప్పుడు పెట్టె తెరిచి కూడా చూడదు. మూడు చోట్ల రచయిత నిజం చెప్పాడు. మాటిల్డా లాగే మనమూ నగ అసలుదని నమ్మి ఉన్నాం కాబట్టి వినలేదు. ఈ మూడింటినీ తీసేసి చూడండి. ముగింపు మోసంలా అనిపిస్తుంది. అవి ఉండబట్టే న్యాయంగా ఉంది. దీన్నే ముందస్తు సూచన అంటారు. దాని పని ఇదీ అని మీవాళ్లు ఈ వాక్యాలు చూపించి చెప్పగలగాలి.

అదే కథలో కాలం లెక్క చూడండి. ఒక్క రాత్రి విందుకూ దాని ముందు ఏర్పాట్లకూ ఎంత చోటుంది, పదేళ్ల చాకిరీకి ఎంత చోటుంది? పెన్సిల్‌తో వరసలు లెక్కపెట్టండి. పదేళ్లు కొద్ది పేరాల్లో గడిచిపోతాయి. కథ దేని దగ్గర నెమ్మదించింది, దేన్ని దాటేసింది అన్నది రచయిత ఇచ్చిన విలువల పట్టిక. ఏ కథకైనా ఈ లెక్క కట్టవచ్చు, కుదించని అనువాదంలోనూ చెడదు, పిల్లలు కూడా చేయగలరు. అంకెలు కూడా వదలకండి. నగకు 36,000 ఫ్రాంకులు. అందులో 18,000 భర్తకు తండ్రి మిగిల్చినవి, మిగతా సగం అప్పు. నకిలీ నగ ఖరీదు మహా అయితే 500. విందు గౌనుకు 400 ఇచ్చాడు భర్త, అవి తను తుపాకీ కొనుక్కోవడానికి దాచుకున్నవి. చూశారా, నకిలీ నగ దాదాపు గౌను ఖరీదే. ఆ పోలిక రచయిత ఎక్కడా నోటితో చెప్పడు, రెండు అంకెలు రెండు చివర్లలో పెట్టి వదిలేశాడు.

‘దిద్దుబాటు’ (ఆంధ్రభారతి పత్రిక, 1910 ఫిబ్రవరి) శిల్పం ఇంకా సూక్ష్మమైనది. మీరు దాన్ని మళ్లీ చదవాలని నా గట్టి కోరిక. ‘తలుపు! తలుపు!’ అని మొదలవుతుంది. ఎవరు పిలిచారో, ఎవర్ని పిలిచారో చెప్పలేదు. తలుపు తెరుచుకోదు. గడియారం ఒంటిగంట కొడుతుంది. అంటే పాఠకుణ్ణి కథానాయకుడు గోపాలరావుతో పాటు గుమ్మం బయట నిలబెట్టేశాడు గురజాడ. ఇక అక్కణ్ణించి అతనికి తెలిసిందే మనకు తెలుస్తుంది. సానిపాట (వేశ్యల పాట కచేరీ) విని ఇంటికొచ్చిన ఆ మనిషి భార్య కనబడక కంగారుపడతాడు, నౌకరు రాముణ్ణి నిలదీస్తాడు. ఆడవాళ్లకు చదువు చెబితే ఇలాగే ఉంటుందని నౌకరు తన యాసలో అంటే, చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో ఉపన్యాసం ఇస్తాడు. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడని, ఇంగ్లీషువాడు భార్యను ‘బెటర్ హాఫ్’ అంటాడని. తర్వాత భార్య రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. చివరికి మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. భార్య కమలిని మంచం కిందే ఉంది. అంటే ఆ గదిలో అతను నౌకరుతో అన్న ప్రతి మాటా, తనలో తను గొణుక్కున్న ప్రతి మాటా ఆమె వింటూనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు మనకు ఒక మగాడి కంగారు కనిపించింది. రెండోసారి చదివితే, కనబడని శ్రోత ముందు ఒక మనిషి తన్ను తాను బయటపెట్టుకోవడం కనిపిస్తుంది. స్త్రీ విద్య గురించి అతను చేసిన ఉపన్యాసం, ఆ విద్య నేర్చుకున్న స్త్రీ చెవిన పడుతోంది. ఆమె ఎక్కడుందన్న ఒక్క సంగతి చివరిదాకా దాచడం వల్ల ఒకే కథ రెండుసార్లు, రెండు రకాలుగా చదవడానికి వీలయింది. శిల్పం చేసే పని ఇంత పెద్దది కావచ్చు.

ఉత్తరంలోని సంబోధన కూడా చూడండి. ‘అయ్యా!’ అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందా అని గోపాలరావే ఉలిక్కిపడతాడు. పై పేరాల్లో చెప్పిన సర్వనామాల సంగతే ఇది. ఒక్క పిలుపు మారడంతో ఆ ఉత్తరం కంఠస్వరం మొత్తం తెలిసిపోయింది. ఉత్తరం రాసినామెకు తను వాడుతున్న మాట బరువు బాగా తెలుసు.

ప్రతీకల గురించి ఒక హెచ్చరిక. దీపం కనబడగానే జ్ఞానం, వాన పడగానే దుఃఖం అనకండి. ఒక వస్తువును ప్రతీక అనాలంటే అది కథలో కనీసం రెండు మూడుసార్లు రావాలి, లేదా కథ మలుపు తిరిగే చోట ఉండాలి, వచ్చిన ప్రతిసారీ దాని అర్థం కాస్త పెరగాలి. ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’లో పట్టుకారు దీనికి మంచి ఉదాహరణ. హమీద్ దగ్గర మూడే పైసలున్నాయి. తోటి పిల్లలు మట్టి బొమ్మలు కొనుక్కుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతున్నాయని వాడు ఇనుప పట్టుకారు కొంటాడు. దుకాణంలో అది బేరమాడి కొన్న సామాను. దారిలో పిల్లలతో వాదన పెట్టుకున్నప్పుడు అది తుపాకీ, వీరుడు, సింహంతో పోరాడే ఆయుధం. ఇంటికెళ్లాక నాయనమ్మ కళ్లనీళ్లకు కారణం. మూడు చోట్ల మూడు అర్థాలు, అదే ఇనుము. మిగతా పిల్లల మట్టి బొమ్మలు ఇంటికి చేరాక విరిగిపోతాయని కూడా రచయిత చూపించాడు. ఇలా వస్తువు వెంట నడిచి చూపించగలిగితేనే ప్రతీక అనండి.

కథకుడే పాత్ర అయిన చోట ఇంకొక ప్రశ్న అడగాలి: ఇతన్ని నమ్మవచ్చా? అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో రాసిన ‘కాస్క్ ఆఫ్ అమోంటిలాడో’ (1846) కథకుడు తనకు వెయ్యి అపకారాలు జరిగాయంటాడు, ఒక్కటీ చెప్పడు. చెప్పనిది ఏమిటో గుర్తించడమే అక్కడ విశ్లేషణ. ‘నేను’ అంటూ సాగే ఏ కథకైనా ఈ జాగ్రత్త అవసరం. ఆ ‘నేను’ను రచయిత అనుకుని ఆయన జీవితచరిత్రలోకి వెళ్లిపోకండి.

ఇప్పుడు నీతికి వద్దాం. మన ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసిన పెద్దలు) దీన్ని ఎప్పుడో తేల్చారు. వాచ్యార్థం మాటలో ఉంటుంది, వ్యంగ్యార్థం మాట దాటాక తడుతుంది. వాళ్లలో ఒకడైన ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని, అంటే అలా తట్టే అర్థం, అన్నాడు. మంచి కథలో నీతి వ్యంగ్యార్థం. దాన్ని పాత్ర నోట వినిపించే ఉపన్యాసంలో వెతికితే దొరకదు. గోపాలరావు ఉపన్యాసం సరైన మాటలే అయినా, అది కథ నీతి కాదు. ఆ మాటలు అన్న మనిషి ఆ వేళకు ఎక్కణ్ణించి వచ్చాడో కథ ముందే చెప్పింది.

నీతి పట్టుకోవడానికి మీవాళ్లందరికీ తెలిసిన సాధనం బేతాళుడు. 1947లో మద్రాసులో మొదలైన చందమామ చదివి పెరిగినవాళ్లు తెలుగునాట ఎంతోమంది. బేతాళ కథల్లో బేతాళుడు నీతి చెప్పడు, చిక్కు ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. కథ చదివాక ‘నీతి ఏమిటి’ అని అడగడం మానేసి, ‘బేతాళుడైతే ఏం అడుగుతాడు’ అని అడగండి. ‘నెక్లెస్’కు: మాటిల్డా, ఆమె భర్త, నగ ఇచ్చిన స్నేహితురాలు, ఈ ముగ్గురిలో పదేళ్ల కష్టానికి బాధ్యులు ఎవరు? ‘దిద్దుబాటు’కు: గోపాలరావును దిద్దింది కమలిని ఉత్తరమా, అతను ఆమెకు నేర్పిన చదువా, ఒంటరిగా నిలబడ్డ ఆ గదా? ఇలాంటి ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు కాబట్టి పన్నెండు మంది మాట్లాడతారు. ప్రతి జవాబుకూ కథలోంచి ఒక వాక్యం రుజువుగా చూపించాలన్న షరతు పెట్టండి.

జవాబులు వచ్చాక నీతి వాక్యం రాసి, దాన్ని కథ కంఠస్వరంతో ఢీకొట్టించండి. అసలు పరీక్ష ఇదే. ‘దురాశ దుఃఖానికి చేటు’ తీసుకుందాం. కథకుడు మాటిల్డాను దురాశాపరురాలిగా చూస్తున్నాడా? మొదటి వాక్యంలోనే విధి పొరపాటున గుమాస్తాల ఇంట్లో పుట్టిందని అంటాడు. అప్పు తీర్చాలని నిశ్చయించుకున్న చోట, ఆమె వీరోచితంగా సిద్ధపడిందంటాడు. దురాశకు శిక్ష చెప్పే గొంతు ‘వీరోచితంగా’ అన్న మాట వాడదు. కాబట్టి ఆ నీతి ఆ కథకు సరిపోదు. పైగా కష్టం అంతా నగ పోవడం వల్ల రాలేదు. పోయిందని చెప్పకుండా, కొక్కెం విరిగింది బాగు చేయిస్తున్నామని ఉత్తరం రాయడం వల్ల వచ్చింది. ఆ ఉత్తరం భర్త చెబితే ఆమె రాసింది. నిజం చెప్పి ఉంటే 500 ఫ్రాంకులతో పోయేది. ఇప్పుడు నీతిని మళ్లీ రాయండి: ‘పరువు పోతుందన్న భయంతో ఒక్క నిజం దాచినవాళ్లు దానికి అసలు ఖరీదు కంటే ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది.’ ఇది కథలోని ఉత్తరానికీ, అంకెలకూ, ‘వీరోచితంగా’ అన్న మాటకూ మూడింటికీ సరిపోతుంది. ఇంతకంటే బాగా సరిపోయేది మీవాళ్లు రాస్తే అదే తీసుకోండి.

కొన్ని కథలు నీతి ఇవ్వడానికి ఒప్పుకోవు. చాసో ‘ఎంపు’లో ముష్టెత్తుకునే అమ్మాయి ఒక కుంటివాణ్ణి ఇష్టపడుతుంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, గుడ్డివాడికైతే ముష్టి బాగా రాలుతుందని. పెద్ద కుటుంబాల్లో సంబంధాలు చూసేటప్పుడు జరిగే లెక్కలే ఇక్కడ ముష్టివాళ్ల మధ్య జరుగుతాయి. కథకుడు తండ్రిని తిట్టడు, అమ్మాయి మీద జాలి కురిపించడు. ‘డబ్బు కోసం ప్రేమను వదులుకోకూడదు’ అని మీరంటే, ఆ గొంతు మీతో ఏకీభవించదు. తండ్రి లెక్క వాళ్ల బతుకులో సరైన లెక్కే. అలాంటి కథకు నీతి వాక్యం రాయొద్దు. ‘ఈ కథ మనల్ని ఏ ప్రశ్న దగ్గర వదిలేసింది’ అని రాయండి.

ఇంకో రెండు జారుడు చోట్లు చెప్పాలి. పాత కథను ఇవాళ్టి కొలతతో తీసిపారేయడం ఒకటి, ‘ఆ రోజులు అంతే’ అని అన్నీ సర్దేయడం రెండోది. 1910లో ‘దిద్దుబాటు’ అచ్చయినప్పుడు సానిపాటలు ఊళ్లలో పెద్దమనుషుల వినోదం, స్త్రీ విద్య వాదంలో ఉన్న విషయం. అది తెలిస్తే గోపాలరావు ఎందుకంత గొప్పలు చెప్పుకుంటున్నాడో అర్థమవుతుంది. తెలిసినంత మాత్రాన అతని ప్రవర్తన మాఫీ కాదు, గురజాడ కూడా మాఫీ చేయలేదు.

మీ సమావేశానికి గంటన్నర పెట్టుకోండి. ఎనిమిది పేజీలు దాటని కథ ఎంచుకుని, ముందుగా అందరూ ఇంట్లో ఒకసారి పెన్సిల్ లేకుండా చదివి రావాలి. అక్కడ మొదటి అరగంట గట్టిగా చదవండి, పాత్రలు పంచుకుని. వింటూ అందరూ తమ ప్రతిలో మూడు గుర్తులే పెట్టాలి: కథకుడు మనిషి మీద అభిప్రాయం జారవిడిచిన మాటకు సున్నా, కాలం దూకిన చోట అడ్డగీత, ‘ఇది ఎందుకు చెప్పాడు’ అనిపించిన వాక్యానికి ప్రశ్న గుర్తు. తర్వాత పావుగంట సున్నాల మీద, అరగంట అడ్డగీతలూ ప్రశ్న గుర్తుల మీద, ఆఖరి పావుగంట బేతాళ ప్రశ్న మీద. నీతి అన్న మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తకూడదు. గుర్తులు అందరివీ ఒకే చోట పడితే ఆ వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒక్కరికే పడితే ఎందుకు పెట్టారో ఆయన్నే చెప్పమనండి, తరచుగా అక్కడే మంచి సంగతి దొరుకుతుంది. ఇరవై పేజీల కథ తెచ్చుకుంటే చదవడంతోనే పూట గడిచిపోతుంది, అలాంటివి రెండు సమావేశాలకు విడదీయండి.

మీ అమ్మాయి పరీక్ష సంగతి. అక్కడ నీతి రాయకుండా తప్పించుకోలేం, రాయాలి. కానీ సామెతతో మొదలుపెట్టొద్దనండి. నాలుగు భాగాలు చాలు. మొదటి వాక్యంలో పాత్ర ఏం ఎంచుకుంది. రెండో వాక్యంలో దానికి ఏ ఖరీదు చెల్లించింది, వీలైతే కథలోని అంకెతోనో వస్తువుతోనో. మూడు నాలుగు వాక్యాల్లో రచయిత దాన్ని ఏ గొంతుతో చెప్పాడు, ఒక మాట రుజువుగా. ఆఖరి వాక్యంలో నీతి. ‘ఈద్గాహ్’కు ఇలా రాయవచ్చు: ‘హమీద్ తన దగ్గరున్న మూడు పైసలతో బొమ్మ కొనుక్కోకుండా నాయనమ్మ కోసం పట్టుకారు కొన్నాడు. అందువల్ల సంతలో మిఠాయి గానీ బొమ్మ గానీ లేకుండా మిగిలాడు. రచయిత వాణ్ణి పెద్ద త్యాగమూర్తిగా పొగడకుండా, తోటి పిల్లలతో పట్టుకారు గొప్పదని వాదించే చిన్న పిల్లాడిగానే చూపించాడు. చివర్లో మాత్రం ఆ పిల్లాడు పెద్దవాడైనట్టు, ముసలి నాయనమ్మ పసిపిల్ల అయినట్టు రాశాడు. అవతలివాళ్ల కష్టం కనబడినప్పుడు వయసుతో పని లేకుండా మనిషి పెద్దవాడవుతాడని ఈ కథ చెబుతుంది.’ ఐదు మార్కుల జవాబుకు ఇంతే చాలు. ఇలా నాలుగైదు కథలకు రాసి అలవాటైతే, పాఠ్యపుస్తకంలో లేని కథ ఇచ్చినా రాయగలుగుతుంది.

వచ్చే నెలకు ‘గుమాస్తా మరణం’ పెట్టుకోండి. చాలా చిన్నది, గట్టిగా చదివినా తొందరగా అయిపోతుంది. అందరూ నవ్వుతూ చదివి ఆఖరి వాక్యం దగ్గర ఆగుతారు. ఆ తర్వాతి నెల ‘ఎంపు’, చాసో సంభాషణలు చదివే మనిషిని ముందుగా చూసుకుని.